పైడమ్మ వేసిన ఆడసాలీడు

దోమల్ని పట్టే మర సాలీళ్లు ఇంటింటికీ వచ్చాక, లక్కబొమ్మలకు రంగులద్దే పైడమ్మకు వాటి పనే మిగిలింది. గెంతే సాలీళ్లలో ఏ జాతి అడిగితే ఆ జాతి చారలు వేసిస్తుంది. ఆ పొద్దు ఒక ఆడసాలీడుకు రంగు ఆరాక, మీట నొక్కి గుమ్మంలో వదిలింది.

ఎక్కడినుంచో అసలు సాలీడొకటి దాని ముందు దూకింది. మగది. అసలువి కనబడి ఏళ్లయింది. ముందుకాళ్లెత్తి, అటూ ఇటూ జరుగుతూ చిందులేసింది.

"అమ్మా, సూడే! నువ్వేసిన బొమ్మని మనువాడతాదంట!" కూతురు సింహాచలం నవ్వింది.

పైడమ్మ మురిసిపోయింది. అంతలో బొమ్మ గెంతింది. కదిలే పురుగునల్లా నమిలెయ్యడమే దానికి తెలుసు.

గుమ్మంలో ఒక్క కాలు మిగిలింది.

"ఒక్క గీతైనా తప్పుగా ఏసుంటే బతికిపోయేది కదే," అంది పైడమ్మ.