చేతులెత్తాం

మెల్‌బోర్న్‌లో ఏళ్లుగా తాళం పడి ఉన్న ఓ ఇంటిని ఆక్రమించాం. సర్కారూ వద్దు, యజమానీ వద్దు అనే తెల్లకుర్రాళ్లం మేము. గోడ మీద ఎర్రరంగుతో నేనే రాశాను: 'ఈ నేల ఎవరిదీ కాదు.'

మంచి జరగాలని యూకలిప్టస్ ఆకుల పొగ వెయ్యడానికి వచ్చిన అక్కడి ఆదివాసుల పెద్ద డెల్మా ఆంటీ, అది చదివి వాకిట్లోనే ఆగిపోయింది.

"మీ తాతలు ఓడ దిగి, మా నేల లాక్కోడానికి అన్న మాటే కదరా ఇది! చెరిపెయ్."

"నాకూ సిగ్గుగానే ఉంది ఆంటీ. కానీ మా దగ్గర ఒకరు చెబితే చెల్లదు. అందరం కూర్చుని తేల్చుకోవాలి."

తలుపేసుకుని చాలాసేపు వాదించుకున్నాం. చివరికి చెరిపేద్దామని అందరి చేతులూ లేచాయి. చెప్పడానికి పరుగెత్తాను.

ఆంటీ ఎండలో అలాగే నిలబడి ఉంది. లోపలికి పిలవాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

"ఏం బాబూ, తేల్చారా, నా నేల ఎవరిదో?" అంది.