అడుగు చూసినవాడు

కెమెరాకు సరిగ్గా అడ్డంగా వచ్చి నిలబడ్డాడు ఒక పెద్దాయన.

"పెద్దాయనా, కాస్త పక్కకు జరుగుతారా?" విసుగ్గా అన్నాడు శ్యామ్ సుందర్.

జరిగాడు. కానీ పోలేదు.

మచిలీపట్నం మైదానంలో జూనియర్ అమ్మాయిల లాంగ్ జంప్ సెలెక్షన్లు జరుగుతున్నాయి. రాష్ట్ర పోటీలకు జిల్లా నుంచి ఒక్కరినే పంపుతారు. మూడు జంపులయ్యేసరికి గూడూరు అమ్మాయి క్రిస్టినా అందరికన్నా ముందుంది. మూడంటే మూడు సెంటీమీటర్ల వెనకాల నాగాయలంక అమ్మాయి హాసిని. ఇంకా మూడు జంపులు మిగిలాయి.

క్రిస్టినా శ్యామ్‌కు సొంత చెల్లెలు. అతను హైదరాబాదులో ఆటల వీడియోలు తీసే కంపెనీలో పనిచేస్తాడు. సెకనుకు వెయ్యి బొమ్మలు తీసే కెమెరాను యజమానిని బతిమాలి తెచ్చాడు. క్షణంలో అయిపోయేదాన్ని అది అర నిమిషం సాగదీసి చూపిస్తుంది. ఆ వీడియో చూస్తే ఏ పెద్ద అకాడమీ అయినా చెల్లెల్ని పిలుస్తుందని అతని ఆశ.

"బాబూ, ఆ గూడూరు పాప మీకేమవుద్ది?" అడిగాడు పెద్దాయన.

"చెల్లెలు."

"అయితే మీకే చెప్పాలి. ఆ పాపని ఇంక దూకొద్దనండి."

శ్యామ్ తల తిప్పి చూశాడు. మాసిన పంచె, భుజం మీద తువ్వాలు. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"ఎందుకు దూకొద్దు?"

"దూకేముందు ఆ చెక్క పలక మీద కాలేస్తది చూడండి, అప్పుడు ఎడం మోకాలు లోపలికి పోతంది. మూడుసార్లూ పోయింది. ఇంకోసారి అట్టా పడితే కాలు నిలవదు బాబూ."

"మీరు డాక్టరా?"

"కాదండీ. బండలాగుడు పందేలకి ఎడ్లని మేపుతుంటా. ముప్పై ఏళ్లుగా వాటి కాళ్లే చూస్తన్నా. కాలు పోయేముందు అడుగులోనే తెలిసిపోద్ది."

శ్యామ్‌కు ఒళ్లు మండింది.

"నా చెల్లెలు ఎద్దు కాదండీ!"

"తప్పుగా అనుకోకండి. మీ మిషన్లో పడే ఉంటది గదా, ఒక్కసారి నెమ్మదిగా వేసి చూడండి. ఎట్టాగూ పాపే ముందుంది. మిగతా మూడూ మానేస్తే పోయేదేముంది?"

అక్కడే అనుమానం వచ్చింది శ్యామ్‌కు. క్రిస్టినా ఆగిపోతే లాభం ఎవరికి? వెనకాల ఉన్న అమ్మాయికేగా! మూడు సెంటీమీటర్లు దాటడం ఎంతసేపు?

"నాగాయలంక అమ్మాయి తరఫున వచ్చారా మీరు?"

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎవరి తరఫునైతే ఏముంది బాబూ, ఎవరి కాలైనా కాలే గదా," అన్నాడు.

దొంగ దొరికాడనుకున్నాడు శ్యామ్. గేటు దగ్గర కాపలా ఉన్న నరసింహాన్ని కేకేశాడు.

"ఈయన్ని బయటికి పంపి గేటు వేసెయ్యండి. ఆడేవాళ్లని భయపెడుతున్నాడు!"

నరసింహం వచ్చి రెక్క పట్టుకున్నాడు. పెద్దాయన పెనుగులాడలేదు. "ఒక్కసారి చూడండి బాబూ," అంటూనే వెళ్లాడు.

నిజానికి శ్యామ్ ఆ జంపులు చూశాడు. ప్రతిదీ వేసుకుని చూశాడు. మొహం మీద ఎండ పడిందా, జడ గాల్లో అందంగా లేచిందా, ఇసుక బాగా చిమ్మిందా అని చూసుకున్నాడు. అతను నేర్చుకున్న పని అదే. మోకాలి వైపు చూడమని అతనికి ఎవరూ నేర్పలేదు, నేర్పవచ్చిన మనిషిని గేటు బయట పెట్టించాడు.

"అన్నయ్యా, రెడీనా?" దూరం నుంచి చెయ్యెత్తింది క్రిస్టినా.

"రెడీ! ఈసారి ఇంకా గట్టిగా దూకమ్మా!"

పరిగెత్తుకొచ్చింది. పలక మీద ఎడమ కాలు వేసింది. ఇసుకలోకి ఎగరాల్సిన పిల్ల అక్కడే కూలిపోయింది. ఆ అరుపుకు మైదానమంతా లేచి నిలబడింది.

"మోకాల్లో లిగమెంట్ తెగింది," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "ఆపరేషన్ చెయ్యాలి. మళ్లీ దూకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇంతకుముందు నుంచే అడుగు తేడాగా పడుతూ ఉండాలే, ఎవరూ గమనించలేదా?"

శ్యామ్ వరండాలో కూర్చుని కెమెరాలో మొదటి జంపు వేశాడు. ఈసారి మొహం చూడలేదు, మోకాలు చూశాడు. పాదం పలకను తాకగానే మోకాలు మెల్లగా లోపలికి వంగింది, వణికింది, ఎలాగో నిలబడింది. రెండో జంపులో ఇంకాస్త వంగింది. మూడోదాంట్లో చూడలేక కళ్లు మూసుకున్నాడు.

వెయ్యి బొమ్మలు కావలసి వచ్చాయి తనకు. ఆయన ఉత్త కళ్లతో చూసి చెప్పాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు శ్యామ్.

కబురంది వచ్చిన తల్లిని చెల్లెలి దగ్గర కూర్చోబెట్టి, ఆయన కాళ్లు పట్టుకుందామని మైదానానికి పరిగెత్తాడు. అప్పటికే పోటీలు అయిపోయాయి. షామియానా విప్పుతున్నారు.

"నరసింహంగారూ, పొద్దున మనం బయటికి పంపిన పెద్దాయన ఏరీ?"

"నాంచారయ్యగారా? ఇప్పుడే బస్సెక్కారండీ. సాయంత్రం దాకా గేటు బయటే నిలబడి, మీ చెల్లెలికి ఎట్టా ఉందని కనపడినోళ్లనల్లా అడుగుతానే ఉన్నారు."

"అసలు ఎవరండీ ఆయన?"

నరసింహం గేటు వైపు చూశాడు.

"సెలెక్టయిన హాసిని వాళ్ల నాన్నండీ. ఆఖరి జంపులో మీ చెల్లెల్ని దాటి గెలిచింది ఆ పిల్ల, మనం గేటు వేసేశాం గదా, ఆయన చూడనే లేదు."