ఊపిరి మీటరు

ఇప్పుడు ప్రతి చేలోనూ ఊపిరి మీటరు ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు ఊపిరి తీస్తుంటే పచ్చలైటు, చచ్చిపోతే ఎర్రలైటు. ఎర్రలైటు వెలిగిన చేలో మూడేళ్ళు విత్తనం వెయ్యనివ్వరు.

మా ఆయనకి పక్కచేలో పున్నయ్య మిరప ఏపుగా, నల్లగా కనిపిస్తే చాలు, అన్నం సయించదు. మా తోటలో ఇంకో బస్తా యూరియా పడాల్సిందే. అలా చల్లీ చల్లీ మొన్న ఎర్రలైటు తెప్పించారు.

తనిఖీకి ఆఫీసరమ్మ వస్తోందనగానే ఈయన బోర్లా పడుకుని మీటరు గొట్టంలోకి ఊదారు. పచ్చలైటు వెలిగింది! ఇంత తెలివి ఎరువు చల్లేటప్పుడు ఎక్కడ దాచారో.

ఆవిడ గొట్టం వాసన చూసి, "మీ మట్టి చుట్ట తాగుతుందా అండీ?" అంది.

"పాత నేల కదమ్మా," అన్నారు ఈయన, సిగ్గులేకుండా.

"సరే, లైటు పచ్చగానే ఉందిగా. కోతదాకా ఇలాగే ఉండాలి," అనేసి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ఈయన కాపరం గొట్టం దగ్గరే. నేను అన్నం క్యారియరు అక్కడికే మోస్తున్నాను. మొక్కలు మాత్రం వాడిపోతున్నాయి.

నిన్న చూస్తే పున్నయ్య కూడా తన చేలో బోర్లా పడుకుని ఉన్నాడు. ఈయన తలెత్తి అటే చూస్తూ అన్నారు:

"ఏమే శేషారత్నం, వాడి లైటు మనదానికంటే పచ్చగా లేదూ?"