రెండో టక్

స్పీకర్లో గుయ్యిమంటున్న మోత ఈ రాత్రి పోకపోతే ఆంప్లిఫైయర్‌ని అటకెక్కించేస్తానని ఆమె చెల్లెలితో పందెం వేసింది. విడిభాగాల కిట్ కొని, అందులోని ప్రతి తీగా తనే అతికించింది. ఒక గాజు వాల్వు పగిలి వస్తే, చనిపోయిన మామయ్య పెట్టెలోంచి పాతది తీసి పెట్టింది. రేడియోలు బాగుచేసే ఆ మామయ్య దగ్గరే ఆమె పని నేర్చుకుంది. ఆయన నోరు తెరిచి మెచ్చుకునే రకం కాదు. గోటితో వాల్వు మీద కొట్టేవాడు, స్పీకర్లో టక్‌మనేది. పని తప్పయితే ఒకసారి, బాగుంటే రెండుసార్లు. ఆమెకి ఆ రెండోది ఎప్పుడూ దక్కలేదు.

చివరికి తప్పు దొరికింది. ఎర్తు తీగని రెండు చోట్ల అతికించేసింది! ఒకచోట ఊడదీసి స్విచ్చి వేసింది. మోత మాయం.

"ఓయ్, లేచొచ్చి విను!"

చెల్లెలు కళ్ళు నులుముకుంటూ వచ్చింది. "ఏం వినాలక్కా? ఏమీ వినబడట్లేదుగా."

"అదేనే వినాల్సింది!"

"అబ్బో, సోల్డర్ రాణీ! సరే, నువ్వే గెలిచావ్. ఇక ఆపి పడుకో తల్లీ."

ఆమె గర్వంగా నవ్వుతూ ప్లగ్గు పీకి, వైరు చేతికి చుట్టుకుంది. వాల్వుల్లో ఎర్రటి వెలుగు ఆరిపోయింది. గాజు చల్లబడేదాకా ఇద్దరూ కబుర్లాడుకున్నారు.

అప్పుడు స్పీకర్లో టక్‌మంది.

ఆమె గభాలున మామయ్య వాల్వు వైపు తిరిగింది. ఒక్కటేనా? ఇంకా ఏం తప్పు చేశాను?

టక్.

ఆమె ముఖం వెలిగిపోయింది. చెల్లెలు మాత్రం అక్క చేతిలోని ప్లగ్గుకేసే చూస్తోంది.