కాలిలో ఉన్న భయం

"బ్రేకు తొక్కానండీ. పెడల్ నేలకంటింది," అంది భార్య డ్రైవరు సీట్లోంచి.

"తొక్కలేదు నువ్వు. తొక్కాననుకున్నావు," అన్నాడు భర్త, ముందు చక్రం పక్కనుంచి లేస్తూ.

చేతులనిండా నల్లటి మడ్డి, మొహంనిండా వెలుగు. ఫోన్లో వీడియో చూసి, తెల్లారకుండానే లేచి, కారుకు కొత్త బ్రేకు ప్యాడ్లు తానే వేశాడు. అరిగిపోయిన పాతవాటిని పీకిన పళ్ళలా న్యూస్‌పేపరు మీద పేర్చి పెట్టాడు.

ఆవిడ మళ్ళీ తొక్కింది. తడిసిన దూదిమీద కాలేసినట్టు పెడల్ జారుతూ పోయి అడుగున ఆగింది.

"మెత్తగా ఉందండీ."

"మెత్తదనం పెడల్లో లేదు. నీ కాల్లో ఉంది."

ఆయన జనం భయాలకు వైద్యం చేసే కౌన్సిలర్. ఎత్తంటే భయపడేవాళ్ళు, చీకటంటే భయపడేవాళ్ళు, పెళ్ళంటే భయపడేవాళ్ళు ఆయన ముందు కూర్చుని లేస్తారు. వచ్చిన భయం పోతుందో లేదో గానీ, ఆయనంటే కొత్త భయం మాత్రం వెంట తీసుకుపోతారు.

"నిన్నటిదాకా బాగానే ఉంది కదా! పొద్దున మీరేదో చిన్న నట్టు వదులు చేస్తే నూనె కారింది. అప్పుడు బ్రేకు గొట్టంలోకి గాలి దూరిందేమో. గాలి దూరితే బ్రేకు పట్టదట."

"ప్యాడ్లను నొక్కే పిస్టన్ వెనక్కి పోనంటే వదులు చేశాను. మళ్ళీ బిగించాను. గాలట, గాలి! కంటికి కనిపించనిదాన్ని తల్చుకుని భయపడ్డాన్ని ఏమంటారో తెలుసా?"

"గాలి కంటికి కనిపించదు కదండీ మరి?"

"అదే నేననేది."

"పోనీ మెకానిక్కును పిలుద్దాం."

"నలుగురికీ ధైర్యం నేర్పేవాడి గుమ్మంలో మెకానిక్కు నిలబడితే వీధిలోవాళ్ళేమనుకుంటారు?"

"బ్రేకులు బాగుచేయించుకుంటున్నారనుకుంటారు."

ఆయన ఆ మాట వినలేదు. వినకూడని మాటలు వినకుండా ఉండటం ఆయనకు బాగా అలవాటు.

వాళ్ళ ఇల్లు వీధి కొసన, ఎత్తుమీద ఉంది. గేటు దాటగానే దారి జారుడుబల్లలా దిగిపోయి, కింద లారీలు పోయే పెద్ద రోడ్డులో కలుస్తుంది. ఆఫీసుకు పోవాలంటే ఆవిడ రోజూ ఆ వాలు దిగాలి. రోజూ బ్రేకుమీద కాలుంచే దిగుతుంది.

"ఇవాళ్టికి బస్సులో పోతాను," అంది.

"పో. ఇవాళ కారు వద్దంటావు, రేపు మెట్లు వద్దంటావు, ఎల్లుండి గడప వద్దంటావు. తప్పించుకోవడం ఇలాగే మొదలవుతుంది. లిఫ్టంటే వణికేవాణ్ణి ఒకణ్ణి లిఫ్టులోకి తోసి తలుపు మూశాను. ఏమైంది?"

"కరెంటు పోయింది కదండీ?"

"అది లిఫ్టు తప్పు. నా పద్ధతి తప్పు కాదు."

"అయితే మీరే ఒక్కసారి కిందిదాకా నడిపి చూపించండి."

ఆయన జాలిగా నవ్వాడు. "జ్వరం నీకొస్తే మాత్ర నేను మింగాలా? నేను నడిపితే నీ భయమెలా పోతుంది?"

ఆయన మాటలకు ఎప్పుడూ జవాబుండదు. అవి నిజాలని కాదు. జవాబు పెట్టుకోవడానికి ఆయన చోటు మిగల్చడు, అంతే.

"నే చెప్పినట్టు చెయ్. కళ్ళు మూసుకో. నిండా ఊపిరి పీల్చు. 'నాకు నమ్మకముంది' అనుకుంటూ వరసగా తొక్కు."

తొక్కింది. తొక్కగా తొక్కగా పెడల్ కొద్దికొద్దిగా పైకొచ్చి గట్టిపడింది.

"చూశావా!" ఆయన చప్పట్లు కొట్టాడు. "నమ్మితే ఇనుము కూడా మాట వింటుంది."

ఆవిడ కాలు తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టింది. పెడల్ చప్పుడు లేకుండా నేలకు దిగిపోయింది.

"మళ్ళీ పోయిందండీ."

"పోయింది పెడల్ కాదు, నమ్మకం. మధ్యలో అనుమానపడ్డావు. నీ మొహంలో చూశాను."

ఆవిడ తల వంచి తన పాదాన్ని చూసుకుంది. చెప్పులో ఒద్దికగా కూర్చున్న మామూలు పాదం. ఇన్నాళ్ళూ దాన్ని నమ్ముకునే నడిచింది. కిందటి వానల్లో పడకగది కప్పు కారుతోందంటే, అది చిన్నప్పటి అభద్రత అన్నాడాయన. బకెట్టు మాత్రం నిండింది. అయినా ఎదుటి మనిషి అంత ధీమాగా చెబుతుంటే, మెత్తదనం నిజంగా కాలిదేనేమో అనిపించసాగింది. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ తప్పు కాకపోతే, రెండోవాళ్ళే ఎప్పుడూ తప్పయి ఉండాలి కదా!

"సరే," అంది. బెల్టు పెట్టుకుని ఇంజిను స్టార్టు చేసింది.

ఆయన గేటు బార్లా తెరిచాడు. కింద రోడ్డుమీద ఒక లారీ హారన్ మోగించుకుంటూ పోయింది. ఆవిడ హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది.

"భయాన్ని దాటాలంటే భయంలోంచే పోవాలి. ఏం కాదు, నేనిక్కడే ఉన్నా!" అన్నాడాయన, కారు దారికి బాగా ఎడంగా, గోడవార నిలబడి.

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. హ్యాండ్‌బ్రేకు దించబోయింది.

ఇంతలో వెనక తలుపు తెరుచుకుంది. ఇంట్లోంచి వచ్చిన అత్తగారు చేతిసంచీతో ఎక్కి, సీట్లో సర్దుకు కూర్చుంది.

"అమ్మాయ్, నీ దారే కదా, నన్ను మా చెల్లెలి ఇంటిదగ్గర దింపెయ్. ఒరే అబ్బాయ్, వెళ్ళొస్తా!"

ఆయన గేటు ధడాలున మూసేశాడు. పరుగున వచ్చి, వెనక తలుపు లాగి, తల్లి రెక్క పట్టుకున్నాడు.

"దిగమ్మా, దిగు! ఈ కారుకు బ్రేకుల్లేవు!"