స్కాన్‌లో నవ్వు

"చేతులు వణుకుతున్నాయి సార్. స్కాన్ ప్రోబ్ నాకివ్వండి" అన్నాడు జూనియర్ డాక్టరు.

"కాఫీ ఎక్కువైంది లేవయ్యా" అంటూ ఇచ్చేశాను.

ఐసీయూలో కిటికీ పక్క మంచం. పేషెంటు గొంతులో గొట్టం, పక్కన ఊపిరి ఊదే వెంటిలేటరు. పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండరం తనంతట తాను పనిచేస్తే ఇవాళ గొట్టం తీసేస్తారు. లేదంటే మెడకు కోత పెట్టి అక్కడినుంచి గొట్టం వేస్తారు. అది తేల్చేది ఈ స్కానే.

గొప్పలు కాదు గానీ, ఈ స్కాన్ మీద ఊరూరా తిరిగి పాఠాలు చెప్పినవాణ్ణి. అలాంటి నేను నిన్న మానిటర్ చూసి, "కండరం భలే కదులుతోంది!" అని వార్డంతా వినపడేలా అరిచాను.

జూనియర్ మెల్లిగా దగ్గాడు. "మిషన్ ఊదుతుంటే కదులుతోంది సార్."

మిషన్ సాయం తగ్గించాకే చూడాలన్నది నా మొదటి పాఠం. అతనికి చెప్పిందీ నేనే. నర్సు ముందు నా పరువు గంగలో కలిసింది.

ఇవాళ మత్తూ తగ్గించారు, మిషన్ సాయమూ తగ్గించారు. మానిటర్ మీద రెండు తెల్లగీతలు. మధ్యలో నల్లగా కండరం. గాలి పీల్చినప్పుడు అది లావెక్కాలి. ఎక్కడం లేదు.

"గట్టిగా గాలి పీల్చండి మేడమ్" అన్నాడు జూనియర్. ఉలుకూ పలుకూ లేదు.

మంచం కమ్మీ పట్టుకుని మానిటర్‌కి ఇంకా దగ్గరగా వంగాను.

"మీరేదన్నా మాట్లాడి చూడండి సార్."

ఏం మాట్లాడను? నోరు తెరిస్తే పాఠం, లేదంటే జోకు. ఆ జోకైనా ఒక్కటే. స్కాన్ చేసిన ప్రతివాళ్లకీ అదే చెబుతాను. ఇంతవరకూ నవ్విన పాపాన పోయినవాళ్లు లేరు.

"ఇంత అందమైన లివరు నా సర్వీసులో చూడలేదు" అన్నాను.

గీతలు దూరం జరిగాయి. కండరం నిండుగా లావెక్కింది.

"నవ్వారు సార్!" అని కేకేశాడు జూనియర్.

నాకు కన్నీళ్లాగలేదు. నా జోకుకి నవ్వు! మళ్లీ చెప్పాను. మళ్లీ లావెక్కింది. నేను చెబుతూనే పోయాను, అది లావెక్కుతూనే పోయింది.

సాయంత్రం గొట్టం తీశారు. నేను మంచం పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"నా జోకుకి ఎంత నవ్వొచ్చిందో స్కాన్‌లో అందరం చూశాంలే" అన్నాను.

పేషెంటు కళ్లు తెరిచి, బొంగురుపోయిన గొంతుతో అంది: "నవ్వు కాదండీ, నిట్టూర్పు... మన పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే జోకు!"