బోణీకి ముందు గ్లాసుడు నీళ్లు

"ఏవండీ, కాసిని నీళ్లిప్పిస్తారా?"

హనుమంతరావుకి ఒళ్లు మండింది.

తాడేపల్లిగూడెం మార్కెట్లో ఎండుమిర్చి కొట్టు ఆయనది. ఇంకా బోణీ కాలేదు. బోణీ కాకుండా గడపలోంచి గ్లాసుడు నీళ్లయినా బయటికి పోకూడదని వాళ్ల నాన్న నాటినుంచీ పట్టింపు.

ఆ మనిషికి అదేం పట్టదు. రోజూ పొద్దున్నే ఉంగుటూరు బస్సు దిగి తిన్నగా కొట్టు ముందుకే వస్తాడు. జేబులోంచి ఇన్‌హేలర్ తీసి, ఊపి, నలుగురూ చూస్తుండగా నోట్లో పెట్టుకుని పీలుస్తాడు. ఆ తర్వాత నీళ్లడిగి, లేదనలేక హనుమంతరావు విసుక్కుంటూ ఇస్తే, పుక్కిలించి, కాలవలో ఉమ్మేస్తాడు.

"బాగున్నా కూడా రోజూ పీల్చాలండీ. మానేస్తేనే ముప్పు," అంటాడు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ.

హనుమంతరావు విననట్టే ఉంటాడు. వినకేం, ఆయన జేబులోనూ అలాంటిదే ఒకటుంది.

ఆ సంగతి భార్య రత్నాంబకి తప్ప ఎవరికీ తెలియదు. మిర్చి కొట్టువాడికి ఉబ్బసమంటే ఇంకేమన్నా ఉందా? కొట్టులో వాటా ఉన్న అన్నదమ్ములు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేపేస్తారు. బేరానికొచ్చినవాళ్లు నవ్విపోతారు. అందుకే డాక్టరు కోసం ఏలూరు దాకా వెళ్లి, మొహానికి కండువా చుట్టుకుని మూల బెంచీ మీద కూర్చుంటాడు.

ముందు ఈ నలుగురూ, వెనక మిర్చి బస్తాలు. మధ్యలో ఆయన, దగ్గు మింగుకుంటూ. కొట్టు వదిలిపోయే దారి లేదు, అందులో ఊపిరి తీసుకునే దారీ లేదు.

మందు కూడా ఆయాసం వచ్చినప్పుడే. తగ్గిందా, ఇక జేబులోనే. కానీ ఈ మనిషి రావడం మొదలెట్టాక ఒక విచిత్రం జరిగింది. అతను బయట పీలుస్తుంటే ఈయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. బస్తాల చాటుకి తిరిగి తనూ పీల్చేసేవాడు. ఆయాసం జాడే లేదు. ఆ పుణ్యం ఎవరిదో మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఒకరోజు కైకలూరు నుంచి చిట్టిబాబు వచ్చాడు. పచ్చళ్ల వ్యాపారి, పెద్ద బేరం.

గ్లాసు తిరిగిస్తూ ఆ మనిషి నెమ్మదిగా అడిగాడు. "మీరూ పీల్చేశారాండీ?"

చిట్టిబాబు తలెత్తి చూశాడు.

హనుమంతరావు గల్లాపెట్టె మీద చరిచి లేచాడు.

"నాకెందుకయ్యా? నాకేం రోగమని? బోణీ వేళ ఈ దరిద్రమేంటి? రేపట్నుంచి నా గుమ్మం తొక్కకు!"

"అలాగేనండీ," అన్నాడతను. గ్లాసు గడప పక్కన బోర్లించి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. హనుమంతరావు చెయ్యి కూడా జేబులోకి పోవడం మానేసింది.

కొత్త మిర్చి దిగిన రోజు బస్తాలు గుమ్మం దాకా పేర్చేశారు. లోపల ఆయనకి ఊపిరాడలేదు. జేబులోది తీసి పీల్చినా ఆగలేదు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. బస్తాలు లాగి బయటికి తెచ్చేసరికి పెదాలు నల్లబడిపోయాయి. మార్కెట్టంతా చూసింది.

ఏలూరు ఆసుపత్రికి చిట్టిబాబే పలకరించడానికొచ్చాడు.

"ఈ మాత్రానికి దాచుకోడమేంటండీ? మా అమ్మకీ ఉందిగా!"

అంతే. కొంపలేం మునగలేదు.

మళ్లీ కొట్టు తెరిచిన రోజు హనుమంతరావు బోణీకి ముందే గ్లాసుడు నీళ్లు గడప బయట పెట్టాడు. అందరి ఎదుటా ఇన్‌హేలర్ పీల్చాడు. కళ్లు మాత్రం ఉంగుటూరు బస్సు కోసమే వెతికాయి. నీళ్ల మీద మిర్చి దుమ్ము తేలింది గానీ ఎవరూ రాలేదు.

ఆగలేక, బస్సు కండక్టరు దగ్గర వాకబు చేసి ఉంగుటూరు వెళ్లాడు. ఆ మనిషి పేరు నాగేశ్వరరావట. తలుపు తీసిన అతని భార్య, పోయిన వారమే దినవారాలు అయ్యాయని చెప్పింది.

"అయ్యో! ఆయాసం ఎక్కువైందా అమ్మా?"

ఆవిడ వింతగా చూసింది.

"ఆయనకి ఆయాసం ఎక్కడిదండీ? గుండెజబ్బు. ఆయాసం మా అమ్మాయి సింధూరికి. నలుగురూ చూస్తారని సిగ్గుపడి, మందు దాచుకుని దాచుకుని, పోయింది. గుండె చూపించుకోడానికి ఏలూరు వెళ్లినప్పుడు, గూడెం మిర్చి కొట్టాయనెవరో అలాగే కండువా చాటున దాక్కోవడం చూశారట... అప్పట్నుంచీ మా పిల్ల వదిలేసిన ఆ ఖాళీ ఇన్‌హేలర్ జేబులో వేసుకుని రోజూ పొద్దున్నే బస్సెక్కేవారండీ."